కుడి పైమూలలో మనిషి

మొదట చూసింది మా అత్తయ్యే.

నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. ఆవిడ ముందుగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ ఉదయం ఈతకొలనులో నేను తీసిన ఫోటోలు ఒక్కొక్కటే చూస్తోంది. కొత్తగా పట్టుకున్న అలవాటది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఒక వేలితో మీట నొక్కి, ఫోటో మారగానే వేలు చటుక్కున వెనక్కి తీసుకునేది, కాలుతుందేమో అన్నట్టు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

గొంతులో ఏ తేడా లేదు. చేతులు తుడుచుకుంటూ వెళ్లాను.

"వీడెప్పుడొచ్చాడు?" అంది.

తెర మీద ఈత కళ్లద్దాలు పెట్టుకున్న చిన్నపిల్ల ఒకతె, బుగ్గల నిండా గాలి పట్టి, చేతులు ముందుకి చాపి నా వైపు వస్తోంది. చుట్టూ బుడగలు. బాగా కుదిరిన ఫోటో. కుడివైపు పైమూలలో, నీటి పైపొరకి కాస్త దిగువన, ఏదో తెల్లగా ఉంది. సగం ముఖం లాంటిది. నుదుటి వంపు, కింద నీడ పట్టిన కంటిగుంట, ఇంకా కింద ఏదో అనబోతూ తెరుచుకున్న పెదాల్లాంటి గీత. అది పిల్లని చూడటం లేదు. నన్ను చూస్తోంది.

"వెలుతురు అత్తయ్యా. నీళ్లలో పడ్డప్పుడు అలాగే విరుగుతుంది."

"నాకు వెలుతురు తెలీదా? ఆ తల వాల్చడం చూడు. ఏదడిగినా ఎడమ భుజం మీదకి తల వాల్చి, కాసేపు ఆగి గానీ జవాబు చెప్పేవాడు కాదు. మెడనొప్పేమో డాక్టరుకి చూపించమని బడినుంచి టీచరు కబురు కూడా పెట్టింది."

నాకూ తెలుసు ఆ అలవాటు. పెళ్లికి ముందు మేమిద్దరం మొదటిసారి మాట్లాడుకున్న రోజు, నేనడిగినదానికి అలాగే తల వాల్చి ఊరుకుంటే, పాపం చెవుడు కాబోలు అనుకున్నాను.

ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. 'పోయారు' అని నేనంటాను, చుట్టాలంటారు. అత్తయ్య మాత్రం ఆ మాట అనదు. ఎవరైనా ఆవిడ ముందు అంటే లేచి పక్కగదిలోకి వెళ్లిపోతుంది.

ఆయన పని నీటి అడుగున ఫోటోలు తీయడం. చేపలు, పగడపు దిబ్బలు, మునిగిపోయిన ఓడల తుప్పు. డీఎస్ఎల్ఆర్ కెమెరాని నీళ్లలోకి తీసుకెళ్లాలంటే దానికి గట్టి అల్యూమినియం తొడుగు ఉండాలి. హౌసింగ్ అంటారు. కెమెరా మీద ఎన్ని మీటలున్నాయో తొడుగు మీదా అన్నీ ఉంటాయి. ముందువైపు, లెన్స్‌కి ఎదురుగా, గిన్నె బోర్లించినట్టు గుండ్రటి గాజు. అత్తయ్య దాన్ని డబ్బా అనేది. "నా కొడుక్కి పెళ్లాం ఒకతె, డబ్బా ఒకటి. ఇద్దరిలో డబ్బాకే సేవలెక్కువ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది, ఆయన వినేలా.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. నీళ్లలోంచి పైకి వచ్చినప్పుడు ముందు కెమెరాని పడవలోకి అందిస్తారు, తర్వాత మనిషి ఎక్కుతాడు. కెమెరా చేత్తో పట్టుకుని నిచ్చెనెక్కితే అలకి ఊగి గాజు పడవ అంచుకి కొట్టుకుంటుంది. పైనున్నతను రెండు చేతులా అందుకుని, దాన్ని తిన్నగా మంచినీళ్ల తొట్టెలో దించాలి, లేకపోతే ఉప్పు గట్టిపడి మీటలు బిగుసుకుపోతాయి. ఇది పడవ నడిపే బోటతనికి నేర్పింది ఆయనే. ముందు కెమెరా, తర్వాత నేను, అని పదిసార్లు చెప్పేవారట.

ఆ రోజూ అలాగే జరిగింది. ఆయన నిచ్చెన పట్టుకుని కెమెరా అందించారు. బోటతను అందుకున్నాడు, వెనక్కి తిరిగాడు, తొట్టెలో జాగ్రత్తగా దించాడు, మళ్లీ ఇటు తిరిగాడు. నిచ్చెన మీద ఎవరూ లేరు. నీళ్లు కూడా కదలడం లేదన్నాడు. ఎంతమంది ఎన్ని రోజులు వెతికినా ఏమీ దొరకలేదు. గుండె ఆగి ఉంటుందన్నారు కొందరు. ప్రవాహం అన్నారు కొందరు.

బోటతను మా ఇంటికి వచ్చి ఇదంతా చెప్పినప్పుడు అత్తయ్య చివరిదాకా విని, "అంటే డబ్బాని అందుకున్నావు, వాణ్ని అందుకోలేదు" అంది. కోపంగా కాదు, సరిగ్గా అర్థమైందో లేదో అడుగుతున్నట్టు. అతను ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఆవిడ లేచి అతనికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

అప్పట్నుంచి ఆవిడ లెక్కలో డబ్బా ఒక వస్తువు కాదు. వాడి బదులు పైకి వచ్చింది అది. వాడెక్కడున్నాడో దానికి తెలుసు. ఆ చివరి రోజు ఫోటోలు చూపించమంది. చివర్లో ఉన్నవన్నీ ఉత్త నీళ్లే, నీలంగా. వాటిని పెద్దవి చేయించుకుని, ఆ నీలంలో మూలమూలలా వెతికేది.

నేను మళ్లీ సముద్రం వైపు వెళ్లలేదు. కానీ ఇల్లు గడవాలి, ఆయన పక్కనుండి నేర్చుకున్నదే, నాకు తెలిసిన పనీ అదొక్కటే. మా వీధి చివర ఈతకొలను నడిపే కోచ్ నాకు చిన్నప్పటి స్నేహితురాలు. "చేపలైతే అడగవుగానీ, మా పిల్లల తల్లులు నా తల తినేస్తున్నారు, నీళ్లలో ఫోటోలు కావాలని. రా తల్లీ, నీకూ బాగుంటుంది, నా తలా మిగులుతుంది" అంది.

హౌసింగ్ బిగించడం ఎప్పుడూ నా పనే. ఆయన వేళ్లు మొద్దుబారి ఉండేవి, నా వేళ్లకి నలుసు కూడా తగులుతుంది. డైనింగ్ టేబుల్ మీద తెల్లటి తువ్వాలు పరిచి, తలకి గుడ్డ కట్టుకుని, ఫ్యాను ఆపేసి కూర్చునేదాన్ని. తొడుగు ముందు, వెనక భాగాల మధ్య ఒక రబ్బరు రింగు ఉంటుంది. నీళ్లని ఆపేది అదొక్కటే. దాన్ని వేళ్ల మధ్య నెమ్మదిగా జరుపుతూ, ఇంత జిడ్డు రాసి, గాడిలో కూర్చోబెట్టాలి. ఒక్క వెంట్రుక అడ్డం పడితే చాలు, కెమెరా మునిగిపోతుంది. మూసేశాక చిన్న పంపుతో లోపలి గాలి లాగితే, ఎక్కడా లీకు లేదంటే పచ్చదీపం వెలుగుతుంది. లెన్స్ జోలికి మాత్రం ఆయన నన్ను రానిచ్చేవారు కాదు. "అద్దాలు నావి, రబ్బర్లు నీవి" అనేవారు. కాపురమంతా ఆ పంపకం మీదే నడిచింది.

ఇప్పుడు నేను బిగిస్తుంటే అత్తయ్య ఎదురుగా కూర్చునేది, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదులుతూ.

ఆ రోజు తర్వాత ఆయన రోజూ వచ్చారు. ఎలా చెప్పాలో తెలియక ఇలా చెబుతున్నాను. ప్రతి ఫోటోలో కాదు. ఉదయం పూట, తూర్పు కిటికీల్లోంచి ఎండ నీళ్లలోకి దిగే వేళలో, నేను కింద మోకాళ్ల మీద కూర్చుని పైకి తీసినవాటిలో. అదే తెల్లటి ముఖం. ఒక్కోసారి లీలగా, ఒక్కోసారి చెంప ఎముక కూడా తెలిసేంత స్పష్టంగా.

ఇంట్లో మార్పు వచ్చింది. ఏడాదిగా కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టే మనిషి కడుపునిండా తినడం మొదలుపెట్టింది. నేను తలుపు తీసేసరికి ల్యాప్‌టాప్ తెరిచి, కళ్లజోడు తుడిచి సిద్ధంగా ఉండేది. "ఇవాళ కాస్త చిక్కాడు" అనేది. "ఇవాళ ఏదో చెప్పాలనుకుంటున్నాడే" అనేది. తనలో తాను కాదు, నాతోనే, ఊళ్లో ఉన్న కొడుకు గురించి మాట్లాడినంత మామూలుగా.

నేనేం తక్కువ తినలేదు. మొదటి వారం వెలుతురు అన్నాను. రెండో వారం ఏమీ అనలేదు. ఆ తర్వాత కొలనులో దిగినప్పుడు వీపు మీద చల్లగా ఏదో ఉన్నట్టుండేది. కెమెరా కంటికి ఆనించగానే ముందు కుడి పైమూలే చూసేదాన్ని. ఉన్నారు. అప్పుడు గానీ పిల్లల వంక చూడబుద్ధయ్యేది కాదు. నీళ్లలో మాట్లాడలేం కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఏదో ఒకటి అడిగేసేదాన్ని.

ఇలా ఎన్నాళ్లు సాగేదోగానీ, ఒకరోజు కొలను దగ్గర ఒక పిల్ల తల్లి నన్ను ఆపింది. ఫోన్‌లో నేనిచ్చిన ఫోటో తెరిచి ఉంది.

"మేడం, మా పాప వెనక ఈ మనిషెవరు?"

"ఎవరూ లేరండీ. నీటి మీద వెలుగు."

"వెలుగుకి కళ్లుంటాయా?" అంది. "మా పాప రాత్రి పక్క తడిపింది. కొలనులో అంకులున్నాడంటోంది. నేను చెప్పలేదు దానికి, ఫోటో చూసి అదే అంది."

ఆవిడ ఫోటోని పెద్దది చేసి పక్కనున్న ఇంకో తల్లికి చూపించింది. ఆ రెండో ఆవిడ తన ఫోన్ తీసింది. అందులోనూ ఉంది.

రెండు రోజుల్లో ఊరంతా పాకింది. పిల్లలు తల ముంచమంటే ముంచడం లేదు, కొలను గట్టు పట్టుకుని వేలాడుతున్నారు. కోచ్ నన్ను తన చిన్న గదిలోకి పిలిచి తలుపేసింది. గోడ నిండా తడి తువ్వాళ్లు, ఈలలు.

"చూడు, దయ్యాలంటే నాకు భయం లేదు. మా ఆడపడుచుతో ఒకే ఇంట్లో ఉండి వచ్చినదాన్ని" అంది. నేను నవ్వకపోయేసరికి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నిజం చెప్పు. అది ఏంటి?"

"తెలీదు."

"నువ్వేమనుకుంటున్నావు?"

నేను గోడ మీది తువ్వాళ్ల వంక చూశాను. దాని ముఖంలో వెటకారం పోయింది.

"ఏమే, నువ్వు కూడానా?" అంది మెల్లగా. "సరే, విను. ఎల్లుండి పిల్లలందరితో ఒక ఫోటో తియ్యి. అందులో ఏమీ లేకపోతే తల్లులందరికీ చూపించి నోళ్లు మూయిస్తాను. ఉంటే మాత్రం ఆ కెమెరా మళ్లీ నా నీళ్లలో దిగడానికి వీల్లేదు. నాకు ఈ కొలనొక్కటే ఉంది."

ఇంటికొచ్చి ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. అప్పటిదాకా ఒక్కొక్కటిగా చూశాంగానీ, అన్నీ కలిపి చూడలేదు. పిల్లలు దగ్గరున్నా దూరమున్నా ఆ ముఖం అంతే ఉంది. అదే చోటు, అదే పరిమాణం, తల వాల్చిన తీరూ అదే. మనిషైనా, మనిషి కానిదైనా, ఒక్కసారన్నా కదలాలి కదా.

మధ్యాహ్నం అత్తయ్య నడుం వాల్చాక, హౌసింగ్ తీసుకెళ్లి వంటింటి గట్టు మీద, కిటికీ ఎండకి ఎదురుగా పెట్టాను. ముందుకి వచ్చి, గాజులోకి పక్కనుంచి తొంగిచూశాను. ఒకచోట తల కాస్త తిప్పగానే కనిపించింది. లెన్స్ అంచు చుట్టూ, కంపెనీవాళ్లు తెల్లగా అచ్చేసిన అక్షరాలు, అంకెలు. ఎండ వాటి మీద పడి, గుండ్రటి గాజు లోపలివైపు అద్దంలా వాటిని మళ్లీ చూపిస్తోంది, వంకరగా, మసగ్గా. నుదుటి వంపు అనుకున్నది అంచు. కన్ను ఒక సున్నా. పెదాలు ఏవో రెండు అక్షరాలు.

అప్పుడు గుర్తొచ్చింది. కెమెరా ఇంటికి చేరాక ఉప్పంతా కడిగి విడదీసినప్పుడు, లెన్స్ అంచుకి కరెంటు పనివాళ్లు వాడే నల్లటేపు చుట్టి ఉంది. జిగురు కారి మురికిగా ఉంటే, ఏ గీతో కనిపించకుండా వేసుకున్నారు కాబోలనుకుని, పీకి పారేసి శుభ్రంగా తుడిచాను. అద్దాల సంగతి నాకు తెలీదుగా. నీళ్లలో కెమెరా వాడే ఎవరినడిగినా చెప్పేవాళ్లు అది ఎందుకో. నేను ఎవరినీ అడగలేదు.

గట్టు దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. నవ్వు రావాలి. రాలేదు. ఆ సున్నాతో నేను వారాల తరబడి కాపురం చేశాను.

సొరుగులో నల్లటేపు వెతికి అంచు చుట్టూ అంటించాను. అత్తయ్యకి చెప్పలేదు.

కోచ్ చెప్పిన రోజున తీసిన ఫోటోల్లో పిల్లలు, బుడగలు, ఎండ, అంతే. కోచ్ వాటిని తన గది తలుపుకి అంటించింది. తల్లులు వచ్చి చూసి, ఫోన్లు లోపల పెట్టుకున్నారు.

అత్తయ్య ఆ ఫోటోలన్నీ చూసింది. మళ్లీ మొదటినుంచి చూసింది.

"రాలేదు" అంది.

మర్నాడూ చూసింది. ఆ మర్నాడు కంచం ముందు కూర్చుని, మజ్జిగ గ్లాసు మాత్రం తాగి లేచింది. వారం తిరిగేసరికి ముఖం ఎండిన తొక్కలా అయిపోయింది. "వాడికి కోపమొచ్చినట్టుంది. నేనేమన్నా అన్నానా?" అని నన్నడిగింది. ఇక నావల్ల కాలేదు.

లెన్స్ తీసి చూపించాను. టేపు, అక్షరాలు, ఎండ, అన్నీ చెప్పాను. ఆవిడ నా మాటలు విన్నంతసేపూ నా వేళ్లనే చూసింది.

"అంటే నువ్వు టేపు వేసి వాణ్ని మూసేశావు."

"అత్తయ్యా, అది ఆయన కాదు. అక్షరాలు."

"పోయిన నెల నువ్వు తీసిన ఫోటోల్లో పిల్లలంతా ఎడమపక్కనే ఉన్నారు. కుడిపక్కంతా ఖాళీ నీళ్లు. ఎవరికోసం వదిలావు ఆ చోటు? అక్షరాలకా?"

నేను తల దించుకున్నాను. ఆ సంగతి నాకే తెలీదు. ఆవిడ చెప్పాక ఫోటోలు కళ్లముందు కదిలాయి. నిజమే, అన్నీ అలాగే ఉన్నాయి.

"నిన్ను తప్పుపట్టడం లేదమ్మా" అంది, ఈసారి మెత్తగా. "ఒక్క పని చెయ్యి. ఆ టేపు తీసి, నన్ను నీళ్లలో తియ్యి. వాడున్నాడో లేడో లోపలికి వెళ్లి నేనే చూసుకుంటాను. ఆ తర్వాత నువ్వు టేపు వేసుకున్నా, డబ్బాని అటకెక్కించినా నేను నోరెత్తను."

లోపలికి వెళ్లి అన్న మాట నాకు నచ్చలేదు. ఆవిడకి ఈత రాదు. కొడుకు మునిగిన దగ్గర్నుంచి బకెట్లో నీళ్లు కూడా నన్నే తోడిపెట్టమనేది. అలాంటి మనిషి నీళ్లలో దిగుతానంటే, పైకి రావాలని దిగుతుందా? ఆ రాత్రి, ఆ మర్నాడు నా మనసులో అదే. వద్దంటే ఇంట్లోనే ఎండిపోతుంది. సరేనంటే ఏం జరుగుతుందో తెలీదు.

కోచ్‌తో అంతా చెప్పాను. "తరగతుల్లేని రోజు తీసుకురా. నేను పట్టుకున్న చేతిలోంచి ఇంతవరకూ ఎవరూ జారలేదు" అంది.

ఆ ఉదయం డైనింగ్ టేబుల్ మీద, అత్తయ్య చూస్తుండగా, టేపు పీకేసి హౌసింగ్ బిగించాను. పచ్చదీపం వెలిగింది. నా నైట్ ప్యాంటు, పొడుగు చేతుల టీషర్టు వేసుకుని ఆవిడ కొలను గట్టు మీద నిలబడితే నాకు గుర్తుపట్టడం కష్టమైంది. ముడి విప్పి జుట్టు వదిలేసింది.

"పిన్నిగారూ, ఈ కళ్లద్దాలు పెట్టుకోండి, కళ్లు మండుతాయి" అంది కోచ్.

"వద్దమ్మా. వాడు నన్ను గుర్తుపట్టొద్దా?"

కోచ్ నా వంక చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

ఇద్దరూ ఛాతీ లోతు నీళ్లలోకి మెట్లు దిగారు. నేను నడుముకి బరువుల బెల్టు కట్టుకుని వాళ్లకి ఎదురుగా, కొలను లోతువైపు నా వీపు ఉండేలా, అడుగున మోకాళ్ల మీద కూర్చున్నాను. కిటికీల్లోంచి ఎండ నీళ్లలోకి కర్రల్లా దిగుతోంది. కెమెరా ఎత్తాను. కుడి పైమూలలో తెల్లటి ముఖం సిద్ధంగా ఉంది. ఏమిటో తెలిసి కూడా ముందు దాన్నే చూశాను.

అత్తయ్య ముఖం నీళ్లలోకి వచ్చింది. ముందు కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు బిగించి, చిన్నపిల్లలా. జుట్టు పైకి లేచి చుట్టూ తెల్లగా పరుచుకుంది. తర్వాత కళ్లు తెరిచింది. గింజుకోవడం ఆగిపోయింది. భుజాలు దిగాయి. ఆ ముఖంలో అంత నెమ్మది నేను ఈ మధ్యకాలంలో చూడలేదు. నేను మీట నొక్కుతూనే ఉన్నాను. ఆవిడ చేయి ఒకటి నెమ్మదిగా ముందుకి లేచింది.

నాకు ఊపిరి అయిపోవచ్చింది. ఆవిడ పైకి లేవడం లేదు. నోట్లోంచి బుడగలు రావడం కూడా ఆగిపోయింది. కోచ్ చేయి ఆవిడ రెక్క పట్టుకుని లాగుతోంది, ఈవిడ కాళ్లు అడుగుకి తన్నిపట్టి లేవనంటోంది. నేను కెమెరా వదిలేసి ముందుకి దూకి, నడుం పట్టుకుని పైకి ఎత్తాను. ఎండిన చెట్టులా తేలికగా ఉంది.

గట్టు మీద చాలాసేపు దగ్గింది. కోచ్ వీపు రాస్తూ, "బాగా చేశారు పిన్నిగారూ, మా పిల్లలకంటే ఎక్కువసేపు ఆపారు ఊపిరి" అంటోంది, కానీ ఆవిడ రెక్క ఇంకా వదల్లేదు.

"అత్తయ్యా, చూశారా?" అన్నాను.

ఆవిడ తడి ముఖం తుడుచుకుని నా వంక చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చూశాను. ఆ గాజులో వాడు లేడు. గుండ్రంగా ఏవో అక్షరాలున్నాయి. మధ్యలో నల్లగా బావిలా ఉంది, అందులో ఇంతే ఇంత నేనున్నాను." వేళ్లతో చూపించింది. "నువ్వు చెప్పిందే నిజం."

ఇంటికి వచ్చాక టేపు తనే అడిగి తీసుకుంది. ఎన్నడూ ఆ లెన్స్‌ని ముట్టుకోని మనిషి, అంచు చుట్టూ ముడత పడకుండా అంటించి, గోటితో అదిమి ఇచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏముందో చూసుకుని, తనే వడ్డించుకుని తింది. మధ్యాహ్నం ఒళ్లెరగకుండా నిద్రపోయింది. ఆ ఫోటోలు చూపించమని అడగలేదు. సాయంత్రమూ అడగలేదు. మర్నాడూ అడగలేదు.

నేనే తెరిచాను, ఆవిడ డాబా మీద బట్టలు ఆరేస్తుండగా.

కుడి పైమూలలో తెల్ల ముఖం ఉంది. ఇప్పుడు దాన్ని అక్షరాలుగా చదవగలను, ఏది సున్నానో ఏది కాదో. నాకు దాంతో పనిలేదు. నేను చూసింది అత్తయ్య కళ్లని.

ఆవిడ గాజులోకి చూడటం లేదు. మొదటి ఫోటోలో, కళ్లు తెరిచిన క్షణంలో, గాజు వైపే ఉన్నాయి చూపులు. తర్వాతి ఫోటో నుంచి లేవు. అవి నా ఎడమ భుజం మీదుగా, నా వెనక, లోతు వైపు ఉన్నాయి. కొంచెం పైకి, తనకంటే పొడుగాటి మనిషి ముఖంలోకి చూస్తున్నట్టు. చివరి ఫోటోలో పైకి లేచిన చేయి కెమెరా వైపు రావడం లేదు. నా చెవి పక్కనుంచి వెళ్తోంది, అరచేయి వంచి, ఒక చెంపని పట్టుకోబోతున్నట్టు. ఆవిడ తల ఎడమకి వాలి ఉంది. అలా వాల్చడం ఆవిడకి అలవాటు లేదు. ఎదుటివాళ్లు ఎలా వాలిస్తే మనమూ అలా వాలుస్తాం చూడండి, చంటిపిల్లల ముందు, అలా.

ఖాళీ తట్ట చంకనేసుకుని ఆవిడ దిగివచ్చింది. ల్యాప్‌టాప్ మూసేశాను.

"అత్తయ్యా, నీళ్లలో ఎటు చూశారు మీరు?"

"గాజులోకే. ఎటు చూస్తాను?" తట్ట గోడకి చేరేసింది. "ఏం?"

"ఏం లేదు."

"ఊరికే ఆలోచించకు. నీ పని నువ్వు చేసుకో" అంది, నా తల మీద చెయ్యి వేసి. ఏడాది తర్వాత నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

పని చేసుకుంటున్నాను. తల్లులు మళ్లీ ఫోటోలు అడుగుతున్నారు, పిల్లలు మునుగుతున్నారు, ఫోటోల్లో ఏమీ లేదు. ఒక్కటే మార్పు. ఇప్పుడు నేను కొలను మధ్యలో కూర్చోను. గోడకి వీపు ఆనించి కూర్చుని తీస్తాను. వెలుతురు అటువైపు బాగుండదు కదా, ఎందుకలా అని కోచ్ అడిగింది. నిలకడగా ఉంటుందని చెప్పాను. అది నమ్మింది.

పలకల గోడ వీపుకి చల్లగా, గట్టిగా తగులుతూ ఉంటుంది. దానికీ నాకూ మధ్య వేలు దూరేంత చోటు లేదు. అయినా ఒక్కోసారి, ఎదురుగా ఈదుకుంటూ వచ్చే పిల్లల్లో ఎవరో ఒకరు, నన్ను దాటి పక్కకి చూసి నవ్వుతారు. నేను మీట నొక్కకుండా ఆగుతాను. ఆ చూపు మళ్లీ నా మీదకి వచ్చేదాకా.